శూన్య హెచ్చరికల మహోద్యమం

రాష్ట్ర సేవాపుస్తక పరిరక్షణ సంచాలకాలయం బెజవాడ శివార్లలోని ఒక మాజీ కల్యాణ మండపంలో కొలువై ఉంది. పెళ్ళిళ్ళవారందరూ ఏసీ హాళ్ళకు తరలిపోగా, యజమాని ఆ భవనాన్ని ప్రభుత్వానికి అద్దెకిచ్చి చేతులు దులుపుకున్నాడు. అది మొదలు సంచాలకులవారు పెళ్ళివేదిక మీదా, సెక్షన్లవారు భోజనాల హాలులో బంతులు తీరీ ఆసీనులై ప్రజాసేవ చేస్తున్నారు. రాష్ట్రంలోని సకల ఉద్యోగుల సేవాచరిత్రను కడుపులో దాచుకున్న సర్వరు మాత్రం పెళ్ళికూతురి గదిలో ఉంటుంది. భవనం మొత్తానికి ఏసీ పనిచేసేది ఆ ఒక్క గదిలోనే. చుట్టూ బల్బులు పొదిగిన నిలువుటద్దం ఎదుట, వెనకటి పెళ్ళికూతుళ్ళు అద్దానికి అంటించి మరచిపోయిన రంగురంగుల బొట్టుబిళ్ళల సాక్షిగా, ఆ యంత్రరాజం సన్నగా గురక పెడుతూ రాష్ట్రసేవలో నిమగ్నమై ఉంటుంది.

ఈ గదికి సంరక్షణాధికారి ఉపసంచాలకులు ఏలేశ్వరపు భీమశంకరంగారు. ఉభయభాషా ప్రవీణులు. వారు సర్క్యులరు రాస్తే దండకం చదివినట్టుంటుందని సచివాలయం దాకా ప్రతీతి. పదవీ విరమణకు కొద్ది దూరంలో ఉన్నారు. ఆ కొద్ది దూరంలోనే సంయుక్త సంచాలక పదవిని అధిరోహించాలన్నది వారికి ఈ లోకంలో మిగిలిన ఏకైక కోరిక. ఆ పదవి పేరుతో ఇత్తడి నామఫలకం కూడా సిద్ధమైపోయింది. శ్రీమతి లలితాంబగారు దాన్ని చేయించి పట్టుచీరల మధ్య దాచారు.

"ఫలకం నల్లబడిపోతోందండీ. చింతపండు పెట్టి తోమలేక నా చేతులు పడిపోతున్నాయి. ఆ అయ్యేదేదో కాస్త తొందరగా అవ్వండి" అని ఆవిడ తరచు హెచ్చరిస్తూంటారు. ఈ కథలో భీమశంకరంగారు మన్నించిన హెచ్చరిక అదొక్కటే.

పూర్వం ఉద్యోగుల సేవాపుస్తకాలు కాగితం మీద ఉండేవి. వాటన్నిటినీ ఫొటోలు తీసి యంత్రంలోకి ఎక్కించిన పిదప, 'కాగిత విముక్తి మహోత్సవం' పేరిట మేళతాళాలతో మూల ప్రతులను గుజ్జు మిల్లుకు సాగనంపారు. ఆ గుజ్జుతో చేసిన ఫైలు అట్టలనే ఉత్సవానికి వచ్చిన అతిథులకు జ్ఞాపికలుగా బహూకరించారు. ఇక యంత్రంలో అసలు ఒకటి, నకలు ఒకటి ఉండాలి గదా. నకలును వేరే ఊళ్ళో ఉంచుదామని ఎవరో అన్నారు. అయితే కాగితాల కాలంనాటి నిబంధన ఒకటి అడ్డుపడింది. అసలూ నకలూ రెండూ ఒకే అధికారి అధీనంలో, ఒకే తాళం కింద ఉండవలెను. వేర్వేరు చోట్ల ఉంటే ఎవరో ఒకదాన్ని దిద్దేసే ప్రమాదం ఉన్నదని పూర్వీకుల దూరదృష్టి. కావున ఒకే పెట్టెలో వచ్చిన రెండు డిస్కులకు 'అసలు', 'నకలు' అని నామకరణం చేసి, ఒకే యంత్రంలో పక్కపక్కనే బిగించారు. రెండూ ఏకగర్భజనితాలు. ఆయుర్దాయంలో తేడా ఉండవలసిన కారణం ఏదీ లేదు.

ఒక సోమవారం పొద్దున పొరుగు సేవల సిస్టం ఇంజనీరు షేక్ రిజ్వానా ఆయన గదిలోకి వచ్చింది. ఆ పిల్ల ముందూ వెనకా చూడకుండా మాట్లాడుతుందని ఆఫీసులో పేరు. ఆ పేరును ఏనాడూ పాడుచేసుకోలేదు.

"సార్, అసలు డిస్కు అలర్ట్ పెట్టింది. లోపల దెబ్బతిన్న చోట్లు పెరుగుతున్నాయంట. మార్చమంటోంది."

భీమశంకరంగారు కళ్ళద్దాలు సవరించుకుని తెర మీది వాక్యాన్ని చదివారు. 'డిస్కును వెంటనే మార్చుడు' అని ఉంది.

"మార్చుడు అంటుందా? మనతోనా? మనవి చేసుకోవడం, ప్రార్థించడం ఏమీ లేదా?"

"దానికి భయభక్తులు లేవు సార్. చచ్చేముందు ఎవరికుంటాయి?"

"అయితే పోయిందంటావు."

"ఇంకా పోలేదు. పోబోతోంది. అందుకేగా ముందే చెబుతోంది!"

"చూడు రిజ్వానా" అన్నారాయన, శాస్త్రచర్చకు ఉపక్రమిస్తున్న వాడి నిదానంతో. "కొత్త డిస్కు కొనాలంటే పాత డిస్కు నిరుపయోగమైనదని నేను ధ్రువీకరించాలి. పనిచేస్తున్న దాన్ని పనిచేయడం లేదని ఎలా రాయను? అది పోనీ. పోగానే నువ్వు రాసుకురా, క్షణంలో సంతకం పెడతాను."

"పోయాక అందులో ఏం మిగలదు సార్."

"ఉన్నదాన్ని పోయిందని రాస్తే ఆడిట్లో నేను మిగలను."

అయినా ఆయన దుర్మార్గుడు కాడు. ఆ మధ్యాహ్నమే ఒక నోటు మొదలుపెట్టారు. 'కాలప్రవాహమున సకల భౌతిక పదార్థములును జీర్ణించునన్నది విదితమే' అన్న వాక్యం దాకా వచ్చింది. డిస్కు ప్రస్తావన తరువాతి పేరాలో రావలసి ఉంది. ఇంతలో వేదిక మీద గంట మోగింది. సంచాలకులవారు అందరినీ పిలుస్తున్నారు.

సంచాలకులు జయంత్ కంఠమనేనిగారు యువకులు, ఉత్సాహవంతులు. ఎక్కడో కొండల్లో జరిగిన నాయకత్వ శిక్షణకు వెళ్ళి ముందురోజే తిరిగి వచ్చారు. వచ్చేటప్పుడు ఒక సిద్ధాంతాన్ని వెంట తెచ్చుకున్నారు.

"మిత్రులారా, ప్రపంచంలోని మేటి సంస్థలన్నిటిలో ఉన్న సమాన లక్షణం ఏమిటి? నిశ్శబ్దం! హెచ్చరిక అంటే ఏమిటి? వైఫల్యానికి అక్షరరూపం. హెచ్చరికలు తగ్గితే వైఫల్యాలు తగ్గుతాయి. హెచ్చరికలు శూన్యమైతే వైఫల్యాలు శూన్యం. ఇది గణితం."

భోజనాల హాలు చప్పట్లతో మార్మోగింది.

"నేటి నుంచి శూన్య హెచ్చరికల మహోద్యమం! ప్రతి కార్యాలయంలోని యంత్రాల హెచ్చరికలూ సచివాలయంలోని ఫలకం మీద కనిపిస్తాయి. ముగించని హెచ్చరిక ఉంటే ఎరుపు. ముగిస్తే పచ్చ. ఎవరు ముగించారో వారి పేరు, హోదా, సమయం అక్కడి ఘటనావళిలో శాశ్వతంగా నిలిచిపోతాయి. దాన్ని నేను కూడా చెరపలేను. ఈ త్రైమాసికంలో పురస్కారాలూ, పదోన్నతులూ ఆ ఫలకాన్ని చూసే ఇస్తారు."

యంత్రం తనకు జరిగినదంతా వరసగా రాసుకుంటూ పోయే చిట్టాకు రిజ్వానా భాషలో లాగ్ అని పేరు. సంచాలకాలయ భాషలో అదే ఘటనావళి.

భీమశంకరంగారు గదికి వచ్చి, సగం రాసిన నోటును నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న కుర్చీ కాలి కింద ఉంచారు. కుర్చీ స్థిరపడింది. అనంతరం పెళ్ళికూతురి గదిలోకి నడిచి, తెర ముందు కూర్చుని, ఎర్రగా వెలుగుతున్న హెచ్చరికకు ఎదురుగా 'పరిశీలించడమైనది' అని రాసి, 'ముగించబడినది' అన్న మీట నొక్కారు.

ఎరుపు పచ్చనైంది! నిప్పు గుండం మీద వెన్నెల వాలినట్టయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ సమస్యా ఇంత వేగంగా, ఇంత అందంగా పరిష్కారమైన దాఖలా ఆయనకు జ్ఞాపకం రాలేదు.

"డిస్కు అట్లాగే ఉంది సార్" అంది రిజ్వానా.

"డిస్కు సంగతి ఫలకం అడగలేదమ్మా."

డిస్కుకు మాత్రం పట్టుదల ఎక్కువ. మరునాడు మళ్ళీ హెచ్చరించింది. ఆ మరునాడు పూటకొకటి చొప్పున పంపింది. ఆపైన, యంత్రాన్ని బిగించిన నాడు ఎవరో అమాయకంగా చేర్చిన చిరునామాల పుణ్యాన, మంత్రివర్యుల సమీక్షా సమావేశం మధ్యలో సంచాలకులవారి ఫోనుకే నేరుగా ఒక సందేశం పంపింది. అది సహించరాని అపరాధం. ఆ సాయంత్రమే భీమశంకరంగారి చేత ఉత్తర్వు రాయించారు.

'ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, అసలు అనబడు డిస్కు తన హెచ్చరికలను నేరుగా ఉన్నతాధికారులకు పంపుట క్రమశిక్షణారాహిత్యముగా పరిగణింపబడినది. ఇకమీదట సదరు డిస్కు తన విన్నపములను ఉపసంచాలకుల ద్వారా మాత్రమే, కార్యాలయ వేళలలో, వినయపూర్వక భాషలో సమర్పించుకొనవలెను.'

"ఇది డిస్కుకి ఎవరు చదివి వినిపిస్తారు సార్?" అని అడిగింది రిజ్వానా.

"స్వీకరించడానికి నిరాకరించిన వారి విషయంలో ఏం చేస్తాం? తలుపుకు అంటిస్తాం. అదే పద్ధతి."

ఉత్తర్వు ప్రతిని యంత్రం ముఖానికి అంటించారు. యంత్రం ఊపిరి తీసుకునే జాలీ అంతా దాని కింద కప్పబడిపోయింది.

"గాలాడదు సార్ దానికి!"

"ప్రభుత్వ ఉత్తర్వును తొలగించే అధికారం నీకుందా? నాకు లేదు."

లోపల వేడి పెరిగింది. ఆ సంగతిని డిస్కు మరో హెచ్చరికగా మనవి చేసుకుంది. అది కూడా ముగిసింది.

పిదప భాషా సంస్కరణ సంఘం ఏర్పడింది. అధ్యక్షులు భీమశంకరంగారే. హెచ్చరికల్లోని పరుషపదాలను తొలగించడం దాని లక్ష్యం. 'ప్రమాదం' అన్నచోట 'పరిణామం' అనీ, 'విఫలమగుచున్నది' అన్నచోట 'విశ్రాంతికి ఉన్ముఖమగుచున్నది' అనీ వచ్చేలా రిజ్వానా చేత మార్పించారు. తుది సమావేశంలో 'ప్రాణాంతకము' అన్న మాట మీద గట్టి చర్చ జరిగి, 'గమనార్హము' అన్న పదం ఏకగ్రీవంగా నెగ్గింది. యంత్రం వేసే కూతను సమావేశాలకు భంగకరమని తీయించారు. ముందుభాగాన వెలిగే ఎర్రదీపాన్ని తీయడం కుదరలేదు. అప్పుడు భీమశంకరంగారి దృష్టి అద్దం మీద పడింది. ఏ పెళ్ళికూతురి నుదుటి కోసమో వచ్చి మిగిలిపోయిన పచ్చరంగు బొట్టుబిళ్ళ ఒకటి అక్కడ తళుక్కుమంటోంది. దాన్ని ఒడుపుగా ఊడదీసి ఎర్రదీపం మీద అంటించారు. గది కొత్త కాంతితో కళకళలాడింది.

"ముత్తయిదువులా ఉంది సార్" అంది రిజ్వానా. ఆమె ముఖంలో నవ్వు లేదు.

ముగింపులు మాత్రం రోజురోజుకూ ఎక్కువయ్యాయి. మీట నొక్కీ నొక్కీ భీమశంకరంగారి చూపుడువేలు వాచింది.

"ఎందుకు సార్ ఈ బాధ? మీ పేరుతో అదే నొక్కుకునేట్టు చిన్న ప్రోగ్రాం రాసిస్తా. అది అరుస్తూ ఉంటది, ఇది మూసేస్తూ ఉంటది. మధ్యలో మనమెందుకు?"

"అలా చేయవచ్చా?"

"చేయకూడదు. కానీ నాకూ విసుగొచ్చింది. చెప్పి చెప్పి నోరు నొప్పి, విని విని మీకు చెవి నొప్పి. ఏదో ఒకటి తగ్గుద్దిగా."

ఆనాటి నుంచి హెచ్చరిక పుట్టిన నిమిషంలోనే 'ముగించబడినది: ఏలేశ్వరపు భీమశంకరం, ఉపసంచాలకులు' అని సచివాలయం ఘటనావళిలో నమోదు కాసాగింది. ఆయన భోజనం చేస్తున్నా, కునుకు తీస్తున్నా ఆయన సేవ మాత్రం నిరంతరాయంగా సాగింది. ఫలకం మీద సంచాలకాలయం ప్రథమ స్థానానికి ఎగబాకింది.

అదే వారంలో దైవాల సువార్తమ్మ అనే ఆవిడ వచ్చింది. దివిసీమ పల్లెల్లో నర్సుగా పనిచేసి రిటైరైంది. పింఛను మంజూరు కావాలంటే తన సేవాపుస్తకం ముద్రించి ఇవ్వాలి. చేతిలో గొడుగు, నోట్లో వక్కపలుకు.

"ఏవయ్యా సారూ, ఈసారన్నా ఇస్తారా? మా ఊరి నించి బస్సులో రావటానికి నా మోకాళ్ళు ఒప్పుకోవట్లా."

రిజ్వానా అప్పటికే తెర మీద ఆవిడ పేరు వెతికింది. పుస్తకం తెరుచుకుంటోంది, నత్తనడకన, ఒక్కొక్క పుటే.

"వస్తోంది సార్! ఇప్పుడే ప్రింటు తీసేద్దాం. రేపటికి ఉంటదో ఉండదో."

తెర పక్కన హెచ్చరికలు జలజల రాలసాగాయి. దెబ్బతిన్న చోట చదవబోయినప్పుడల్లా డిస్కు మూలుగుతోంది. ముగించే ప్రోగ్రాం ఆ వేగాన్ని అందుకోలేక రొప్పుతోంది. ఫలకం మీద సంచాలకాలయం గడి పచ్చ నుంచి పసుపులోకి తిరగడం భీమశంకరంగారు కళ్ళారా చూశారు. పురస్కారాల లెక్క శుక్రవారంతో ముగుస్తుంది. పట్టుచీరల మధ్య ఇత్తడి ఫలకం ఆయన కళ్ళ ముందు తళతళలాడింది.

"ఆపు!" అన్నారు.

"సార్?"

"చదివితేనే కదా హెచ్చరిక? చదవకపోతే రాదు. శుక్రవారం దాకా సేవాపుస్తకాలు ఎవరూ తెరవరాదు. పరిరక్షణ మన విధి. పఠనం కాదు." సువార్తమ్మ వైపు తిరిగి, స్వరం మెత్తబరచి, "అమ్మా, సోమవారం రండి. మీ పుస్తకం భద్రంగా ఉంది" అన్నారు.

"భద్రంగా ఉంటే ఇవ్వటానికేం?"

"భద్రంగా ఉండడానికే ఇవ్వడం లేదు."

సువార్తమ్మ గొడుగు తీసుకుని లేచింది. "సూది దాచిపెట్టి ఎంతమంది పిల్లకాయల్ని మాయ చేశానో. ఇన్నాళ్ళకి నాకు వేశార్రా సూది" అంటూ మెట్లు దిగింది.

ఆ నిషేధం పూర్తిగా ఫలించింది. గురువారం హెచ్చరికలు పలచబడ్డాయి. శుక్రవారం ఉదయం నుంచి ఒక్కటీ లేదు. ముగించడానికి ఏమీ లేక ప్రోగ్రాం చేతులు కట్టుకు కూర్చుంది. పరిపూర్ణ నిశ్శబ్దం. పొరుగు శాఖల నుంచి ప్రతినిధి బృందాలు ఆ నిశ్శబ్దాన్ని అధ్యయనం చేయడానికి వచ్చాయి. పెళ్ళికూతురి గది ముందు చెప్పులు విడిచి, లోపలికి తొంగి చూసి, పచ్చని బొట్టుతో వెలుగుతున్న యంత్రానికి చేతులు జోడించాయి.

బృందాలు వెళ్ళగానే రిజ్వానా ఆయన చెవి దగ్గరికి వంగింది.

"సార్, అది అరవటం మానలేదు. ఊపిరే మానేసింది."

"ఏది? అసలా?"

"అసలు మొన్ననే పోయింది. దాని అలర్ట్ మన ప్రోగ్రాం మూసేసింది. నకలు ఈ పొద్దున పోయింది. అది అలర్ట్ పెట్టేదాకా కూడా ఆగలా. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలేగా."

భీమశంకరంగారు జేబులోంచి కలం తీశారు. "ఇప్పుడైతే... పోయినదని ధ్రువీకరించవచ్చు" అన్నారు.

ఆ సాయంత్రం పురస్కార ప్రదానం. శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు. 'పాలనలో మౌనానికి ఇంతటి ఔన్నత్యాన్ని ఆపాదించిన కర్మయోగి' అని ప్రశంసాపత్రం చదివారు. దాన్ని రాసిందీ ఆయనే. చదువుతున్నప్పుడు మాత్రం అది ఎవరిదో సంతాప సందేశంలా ఆయనకు వినిపించింది.

సోమవారం సంచాలకులవారు వేదిక మీదికి పిలిచారు. తలుపులు వేయించారు.

"భీమశంకరంగారూ, ఒక చిన్న చిక్కు. పదోన్నతుల సంఘం మీ సేవాపుస్తకం అడిగింది. దొరకలేదు."

"ఎవరివీ దొరకవు సార్."

"ఆ విషయం వేరే సంఘం చూసుకుంటుంది. మీ మటుకు మీరు ప్రభుత్వ ఉద్యోగంలో చేరినట్టు ఆధారం లేదు. కాగితాలు గుజ్జయ్యాయి. ఆ గుజ్జు అట్టల మీదే మీ ఫైలు నడుస్తోంది, పాపం." ఆయన ముందుకు వంగారు. "అయితే ఇందులో ఒక సుఖం ఉంది. రికార్డులు పోయినందుకు ఎవరు బాధ్యులని విచారణ వస్తుంది. సంరక్షణాధికారి ఎవరు? మీరు. మీరు ఉద్యోగంలో ఉన్నట్టు రుజువు లేదు. అధికారి లేని చోట అపరాధం లేదు. ఎంత చక్కగా కుదిరిందో చూడండి! మీరు లేకపోతే మనందరం క్షేమం."

"మరి నా పింఛను?"

"లేనివారికి పింఛను ఎలా ఇస్తాం? భావోద్వేగాలకు పోకండి."

భీమశంకరంగారు పెళ్ళికూతురి గదికి వెళ్ళి నిలువుటద్దం ముందు నిలబడ్డారు. ప్రతిబింబం కనిపించింది. ఆయనకు కొంచెం ధైర్యం కలిగింది. అద్దం సాక్ష్యం కార్యాలయంలో చెల్లదని గుర్తొచ్చి ఆ ధైర్యమూ పోయింది.

"ఒకటి మిగిలింది సార్" అంది రిజ్వానా. "లాగ్. అది మన డిస్కుల్లో లేదు, సచివాలయంలో ఉంది. మిగతా ఆఫీసులవాళ్ళు ఎప్పుడో ఒకటీ అరా మూసినవాళ్ళే. పోయింది పోగా రాష్ట్రం మొత్తమ్మీద పేరూ, హోదా, రోజూ పని చేసినట్టు టైముతో సహా ఉన్న మనిషి మీరొక్కరే. కాకపోతే అందులో ఏముందో మీకు తెలుసుగా."

తెలుసు. మృత్యుశయ్య మీది డిస్కు ఎన్నిసార్లు మొరపెట్టుకున్నదీ, ఎన్నిసార్లు ఆ నోరు మూయించిందీ, మూయించిన చేయి ఎవరిదో, అంతా ఉంది. తాను ఉన్నానని చెప్పడానికి ఉన్న ఏకైక సాక్ష్యం, తాను చేసిన పనికీ అదే సాక్ష్యం. ఇస్తే జైలు కావచ్చు. ఇవ్వకపోతే ఇన్నేళ్ళ ఉద్యోగం, పింఛను, పేరు అన్నీ గుజ్జే. మధ్యాహ్న భోజనం ముట్టకుండా ఆలోచించారు. చివరకు ఆ చిట్టా మొత్తం ముద్రింపించి, రెండు చేతులా మోసుకెళ్ళి సంఘానికి సమర్పించి, ఇంటికి వెళ్ళి సస్పెన్షన్ ఉత్తర్వు కోసం ఎదురుచూశారు.

ఉత్తర్వు వచ్చింది. లలితాంబగారు పైకి చదివారు.

'శ్రీ ఏలేశ్వరపు భీమశంకరం, ఉపసంచాలకులు, సమర్పించిన ఘటనావళిని సంఘము కూలంకషముగా పరిశీలించినది. ప్రతి హెచ్చరికయు అందిన నిమిషముననే పరిష్కరింపబడినట్లు అందు స్పష్టముగా ఉన్నది. ఒక్కటియు పెండింగులో లేదు. కావున డిస్కులు అశ్రద్ధ వలన నశించినవన్న వాదము నిరాధారము. అవి సకాలమున సకల సత్కారములును పొందియే గతించినవి. ఇక పదోన్నతి విషయమున, రాష్ట్రమందు సేవ రుజువైన ఉద్యోగి వీరొక్కరే అగుట చేత, సీనియారిటీలో ప్రథములుగా గుర్తించి సంయుక్త సంచాలకులుగా నియమించడమైనది. ఇకముందు వీరి సేవను ఘటనావళిలోని ముగింపుల ఆధారముగనే లెక్కింపవలెను. ముగింపు లేని దినము విధులకు హాజరు కాని దినముగా భావింపబడును.'

"చూశారా! ఊరికే బెంగపడ్డారు" అంటూ ఆవిడ చీరల మధ్య నుంచి ఇత్తడి ఫలకం తీశారు.

పోయిన రికార్డులను పునర్నిర్మించే బాధ్యత కూడా, అర్హులు వేరెవరూ లేకపోవడంతో, కొత్త సంయుక్త సంచాలకుల మీదనే పడింది. ఉద్యోగులు, రిటైరైనవారు తాము పనిచేశామని రుజువు తెచ్చుకోవాలి. మండపం చుట్టూ పెళ్ళి ఊరేగింపును మించిన వరస. సువార్తమ్మ వంతు వచ్చింది.

"ఆధారం ఏదైనా ఉందా అమ్మా?"

"సోమవారం రమ్మన్నారుగా. భద్రంగా ఉందన్నారుగా. అదే నా ఆధారం."

భీమశంకరంగారు కాగితాలు సర్దుకున్నారు. "లిఖితపూర్వకంగా..."

"రాసిందే ఉంది సారూ. మీ డైరెక్టరు బాబు పుట్టింది మా సబ్ సెంటరు ఊళ్ళోనే. ఎడం జబ్బ మీద టీకా మచ్చ ఉంటది, చూసుకోమనండి. నా చేత్తో వేసిందే. నా సర్వీసు రిజిస్టరు ఆయన మోసుకు తిరుగుతున్నాడు."

"జబ్బను అటెస్టు చేయించాలమ్మా, గెజిటెడ్ అధికారి చేత."

"ఆ జబ్బ గెజిటెడే కదయ్యా!"

వరసలో నిలబడ్డవారు గొల్లున నవ్వారు. ఎవరో ఫోనులో చిత్రీకరించారు. అది ఊరంతా తిరిగింది. ఊరు నవ్వుతున్నందున, ఔదార్యం ప్రదర్శించక తప్పని స్థితిలో సంచాలకులవారు చొక్కా చేయి పైకి మడిచారు. మచ్చ ఉంది. దాన్ని ఫొటో తీసి, ఆయనే దాని మీద సంతకం చేసి, కొత్త యంత్రంలోకి ఎక్కించారు. కాగిత విముక్తి నియమావళి ప్రకారం కాగితపు ప్రతిని ఆ సాయంత్రమే గుజ్జుకు పంపారు. సువార్తమ్మ సేవాజీవితం యావత్తూ ఇప్పుడు ఒక జబ్బ, ఒక మచ్చ, ఒక డిస్కు.

మంజూరు పత్రం ముద్రించే రోజు ఆవిడ బెంచీ మీద గొడుగు పట్టుకు కూర్చుని ఉంది. బల్ల మీద ఇత్తడి ఫలకం మెరుస్తోంది. రిజ్వానా పరుగున వచ్చింది.

"సార్, కొత్త డిస్కు అలర్ట్ పెట్టింది. ఇది కూడా ఆ పాత పెట్టెలవాళ్ళ దగ్గర కొన్నదే. భయం లేదు, ఇంకా గ్యారంటీలో ఉంది. మీరొక్క ఉత్తరం రాస్తే సాయంత్రానికి మార్చి పోతారు. ఇక అలర్ట్‌లే ఉండవు."

"ఉండవా?"

"అసలు ఉండవు సార్."

"రోజుకు ఒక్కటైనా?"

రిజ్వానాకు అర్థమైంది. ఆమె బెంచీ వైపు చూసింది. ఆయనా చూశారు. సువార్తమ్మ వక్క నములుతూ, "ఏవయ్యా సారూ, ఈసారన్నా వస్తదా?" అని పలకరించింది.

"వస్తుందమ్మా. భద్రంగా ఉంది."

భీమశంకరంగారు తెర వైపు తిరిగారు. హెచ్చరిక ఎర్రగా, ఓపిగ్గా వేచి ఉంది. భాషా సంస్కరణ సంఘం తీర్పును అనుసరించి అది ఎంతో మర్యాదగా, 'గమనార్హమైన పరిణామము సంభవించుచున్నది' అని విన్నవించుకుంటోంది. ఆయన ఎదురుగా 'పరిశీలించడమైనది' అని రాసి, మీట నొక్కారు.

ఆ రోజుకు ఆయన హాజరు పడింది.